లంక దారికి థార్‌ను సిద్ధం చేసుకున్నాం: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నా అనుభవం

మాది పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయలో ఒక లంక. నేను అమలాపురంలో ఉంటాను, అమ్మ లంకలోనే ఉంటుంది. కొబ్బరి, అరటి, కంద అన్నీ అక్కడే. వేసవిలో కాజ్‌వే మీద స్కూటర్ కూడా హాయిగా వెళ్తుంది. గోదావరి పొంగితే పడవ. అసలు కష్టం నీళ్ళు ఉన్నప్పుడు కాదు, తీసేసిన తర్వాత మొదలవుతుంది. కాజ్‌వేకి రెండు చివర్లా, లోపలి పుంతల మీదా ఒండ్రు పేరుకుపోతుంది. పడవకి నీళ్ళు చాలవు, కారుకి నేల చాలదు. ట్రాక్టరొక్కటే తిరుగుతుంది.

2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ నీళ్ళు తీశాక అమ్మకి జ్వరం వస్తే ట్రాక్టర్ తొట్టిలో గడ్డి పరిచి, దాని మీద పడుకోబెట్టి తీసుకొచ్చాం. అప్పటికే నా దగ్గర మహీంద్రా థార్ జీపు ఉంది, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే ఫోర్ బై ఫోరే. అయినా కంపెనీ ఇచ్చిన రోడ్డు టైర్లతో ఏటిగట్టు దిగువన జారిపోయి అక్కడే నిలబడింది. తొట్టిలో అమ్మ తల నా ఒళ్ళో పెట్టుకుని ఆ బండి పక్కనుంచే వచ్చాను. వారంటీ ఉండగా ఏమీ ముట్టుకోకూడదని ఆగాను. అది అయిపోయాక, ఈ ఏడాది వరదల లోపు పని పూర్తిచేయాలని ఏప్రిల్ మొదటి వారంలో మొదలుపెట్టాను.

ముందు రాజమండ్రిలో యాక్సెసరీస్ షాపుకి వెళ్ళాను. వాళ్ళు రాసిచ్చిన చీటీలో ముందు ఇనప బంపరు, కరెంటు వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం), స్నార్కెల్ (ఇంజనుకి గాలిని పైనుంచి తెచ్చే గొట్టం), పైన లైట్ బార్, బండిని రెండంగుళాలు ఎత్తే లిఫ్టు, 265 సైజు టైర్లు ఉన్నాయి. మొత్తం మూడు లక్షలకు దగ్గర. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ నాకు కావలసింది ఒండ్రులోంచి అమ్మను బయటికి తీసుకురావడం. చీటీ జేబులో పెట్టుకుని, రవాణా శాఖలో పనిచేసే మా బావ స్నేహితుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా ఒక్కో లైనూ చూశారు.

"బంపరు వద్దండి. 2017 డిసెంబరులోనే కేంద్రం ఇలాంటి ఇనప గార్డులు పెట్టకూడదని చెప్పింది. గుద్దుకుంటే ఎదుటివాడు బతకడు, మీ ఎయిర్‌బ్యాగులు కూడా సరిగ్గా తెరుచుకోకపోవచ్చు," అన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదట. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించాక ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. లిఫ్టు, బంపరు, ముందు చక్రం మీది రేకు కోసి పెట్టే స్నార్కెల్ మూడూ వదిలెయ్యమన్నారు. "టైరు సైజు మార్చకుండా రకం మార్చుకోండి. కింద ఛాసిస్‌కి ఉన్న బెజ్జాల్లోనే బిగించేవి బిగించుకోండి. వెల్డింగు మాత్రం పెట్టించకండి," అని తేల్చారు. ఆ సాయంత్రం చీటీలో సగానికి పైగా కొట్టేశాను. మనసు తేలికపడింది.

బంపరు వద్దంటే కరెంటు వించ్ కూడా పోయినట్టే. దాని బరువు మోయడానికి గట్టి బంపరు కావాలి. వించ్ ఒక్కటే నలభై కిలోల దాకా ఉంటుంది, అదంతా ముందు ఇరుసు మీదే పడుతుంది. ఒండ్రులో ముందు భాగం బరువెక్కడం మనకి మంచిది కాదు. దాని బదులు చేత్తో తిప్పే వైరు తాడు వించ్ తీసుకున్నాను, తొమ్మిది వేలు. పని నిదానం. కానీ ముందుకైనా వెనక్కైనా లాగుతుంది, బ్యాటరీతో సంబంధం లేదు.

టైర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ డబ్బూ ఎక్కువ ఎదురుచూపూ అక్కడే. నా బండికి 245/75 ఆర్16. షాపువాళ్ళు 265/75 ఆర్16 వేయమన్నారు. లెక్క వేశాను. టైరు ఎత్తు 774 మిల్లీమీటర్ల నుంచి 804కి పెరుగుతుంది. అందులో సగమే, అంటే 15 మిల్లీమీటర్లే, ఇరుసు కింద కలిసొస్తుంది. స్పీడోమీటరు వంద చూపిస్తుంటే బండి 104 మీద పోతుంది. గేర్లు బరువెక్కుతాయి. ఆ పదిహేను మిల్లీమీటర్ల కోసం చట్టంతో తగువు ఎందుకు? పాత సైజే ఉంచి, రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం అడిగాను. పూర్తిగా బురదకే చేసిన మడ్ టెర్రైన్ టైర్లు మా ఒండ్రులో ఇంకా బాగా పట్టుకుంటాయి. అయితే ఏడాదిలో ఎక్కువ రోజులు నేను తిరిగేది 216 జాతీయ రహదారి మీద. తడి తారు మీద వాటి పట్టు తక్కువ, హోరు ఎక్కువ. అందుకే వద్దనుకున్నాను.

ఏప్రిల్ 12న అడ్వాన్సు కట్టాను. వారంలో వస్తాయన్నారు. మే మొదటి వారం దాకా రాలేదు. వచ్చిన రోజు బిగించే ముందు టైరు పక్కన అచ్చుకొట్టిన నాలుగంకెల తయారీ తేదీ చూశాను. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 0923 అంటే 2023లో తొమ్మిదో వారం. నాలుగింట్లో రెండు మిగతా వాటికంటే బాగా పాతవి. వాడకపోయినా రబ్బరు వయసు ఆగదు కదా. వెనక్కి పంపమన్నాను. మొదట ముఖం చిట్లించారు, తర్వాత ఒప్పుకున్నారు. ఇంకో పది రోజులు పట్టింది. ఒక్కోటి 14,500 చొప్పున నాలుగూ 58,000. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు కలిపి రెండు వేలు. పాత టైర్లకి పన్నెండు వేలు ఇచ్చారు. స్టెప్నీ పాతదే ఉంచాను. సైజు ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు.

మే చివర్లో విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళాను. రికవరీ పాయింట్లు, అంటే దిగబడినప్పుడు తాడు తగిలించే కొక్కేలు, ముందూ వెనకా బిగించడానికి. చాలామంది వీటిని పట్టించుకోరు. కంపెనీ ఇచ్చిన కొక్కెం చదును రోడ్డు మీద బండిని మెల్లగా లాక్కెళ్ళడానికి. ఇరుసు లోతున దిగిన బండిని కుదిపి లాగితే ఆ జోరు వేరు. కొక్కెం ఊడితే తూటాలా వచ్చి అద్దం పగలగొడుతుంది. మా వైపు ఒక బొలెరో అద్దం అలాగే పగిలింది. డ్రైవరు సీట్లో ఉన్న కుర్రాడు బతికాడు, అది అదృష్టం. అందుకే ఈ ఒక్క దగ్గరా బేరం ఆడలేదు. ఛాసిస్‌కి ఉన్న బెజ్జాల్లోనే, బోల్టు తల మీద 8.8 అని గట్టిదనం గుర్తున్నవి వాడి, టార్క్ రెంచితో బిగించారు. ముందూ వెనకా కలిపి 18,000.

అక్కడి మేస్త్రీగారు పెద్దాయన, మంచి పనితనం ఉన్నవాడు. బండి కిందికి దూరి ఇరుసుల లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టాలు చూపించారు.

"బాబూ, స్నార్కెల్ వద్దనుకున్నారుగా, ముందు దీని సంగతి చూసుకోండి. ఇరుసు నడిచి నడిచి వేడెక్కుతుంది. ఒక్కసారి చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుపోయి, గొట్టంలోంచి నీళ్ళు లాక్కుంటుంది. ఆయిలు పాడైపోద్ది."

"ఎంతవుతుందండీ?"

"మూడున్నర. మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను."

ఆయిలుకి కరగని రబ్బరు గొట్టాలు వేసి, ముందు ఇరుసుది ఇంజను వెనక గోడ దాకా, వెనకది టెయిల్ ల్యాంపు వెనక్కి ఎత్తి కట్టారు. బండికి చేయించిన మార్పుల్లో అన్నిటికంటే చవకైనది ఇదే. థార్‌కి కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, ఇంచుమించు మోకాలి పైదాకా. గొట్టాలు ఎత్తినంత మాత్రాన ఆ అంకె పెరగదని మేస్త్రీగారే హెచ్చరించారు. పారే నీళ్ళలో అయితే ఆ లోతు కూడా లెక్కలోకి రాదు. కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే ఏ బండీ దిగకూడదు. నేను దిగను, ఇంట్లో ఎవర్నీ దిగనివ్వను.

జూన్‌లో ఇన్సూరెన్సు రెన్యువల్ వచ్చింది. నీళ్ళు ఇంజనులోకి పోయి కనెక్టింగ్ రాడ్లు వంగితే మామూలు పాలసీలో డబ్బు రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. మూడు వేల చిల్లర ఎక్కువైంది, తీసుకున్నాను. బిగించిన సామాన్ల బిల్లులు, ఫొటోలు మెయిల్ చేశాను. ఎలక్ట్రికల్ సామాను అయితే దాని విలువ మీద నాలుగు శాతం ప్రీమియం పడుతుంది. నా దగ్గర ఆ జాబితాలో పెట్టదగ్గది ఏదీ లేదు. జవాబు కోసం రెండు వారాలకు పైగా ఎదురుచూశాను. ఫోన్లో "ఏం పర్లేదండీ" అన్నారు గానీ ఆ మాటే కాగితం మీద కావాలని పట్టుబట్టాను. చివరికి ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జతచేసే కాగితం, వచ్చింది. పాలసీతో కలిపి డాష్‌బోర్డులో పెట్టాను.

మధ్యలో ఎండలు గట్టిగా ఉన్నప్పుడే కాకినాడలో బండి కింద తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించాను, ఏడు వేలు. మాకు సముద్రం దగ్గర. గాలిలో ఉప్పు, చెరువుల గట్ల మీద ఉప్పునీళ్ళు. కడిగి, ఆరబెట్టి, పూసి, మళ్ళీ ఆరడానికి రెండో రోజు సాయంత్రం అయింది. తీసుకునే ముందు టార్చిలైటు వేసి కిందంతా చూశాను. తలుపుల అడుగునా ఛాసిస్‌కీ ఉన్న నీళ్ళు పోయే బెజ్జాలు కొన్ని కోటింగ్‌తో మూసుకుపోయాయి. అలా వదిలేస్తే నీళ్ళు లోపలే నిలిచి, తుప్పు లోపలి నుంచి తింటుంది. అక్కడికక్కడే పుల్లతో తీయించాను. మీరు వేయించుకుంటే ఇది తప్పకుండా చూసుకోండి.

మిగతావి చిన్న సామాన్లు. బ్యాటరీకి నేరుగా తగిలించే గాలి పంపు ఆరు వేలు. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టేది తీసుకుంటే ఫ్యూజు కాలిపోతుంది, పెద్ద పంపు లాగే కరెంటుని ఆ సాకెట్ మోయలేదు. గాలి కొలిచే గేజి, సాగే రికవరీ తాడు, తాడుని కొక్కేనికి కలిపే మెత్తటి షాకిల్స్, పొట్టి పార, చెట్టుకి చుట్టే వెడల్పు పట్టీ, చక్రాల కింద వేసే రెండు ప్లాస్టిక్ బోర్డులు. ఇవన్నీ కలిపి ఇరవై ఆరు వేలయ్యాయి. పట్టీ ఎందుకంటే, మా దగ్గర తాడు కట్టడానికి దొరికేది కొబ్బరిచెట్టే. వైరు తాడు నేరుగా కడితే మాను కోసుకుపోతుంది, చెట్టు పాడవుతుంది. పట్టీ వేసినా మొదట్లోనే, నేలకి ఆనించి కట్టాలి. నాని ఉన్న మట్టిలో పైన కడితే చెట్టే వాలిపోవచ్చు.

జూలైలో వానలు పడ్డాక లోపలి పుంత మీద సాధన చేశాను. ట్రాక్టరున్న మా బావ పక్కనే ఉన్నాడు. రోడ్డు మీద ముప్పై పీఎస్ఐగా ఉంచే గాలి పద్దెనిమిదికి దించితే టైరు పొడవుగా పరుచుకుంటుంది. తేడా నమ్మలేనంతగా ఉంది. ముప్పై మీద గాడి తవ్వుకున్న చోటే పద్దెనిమిది మీద దాటేసింది. మా రేగడి ఒండ్రు ఆల్ టెర్రైన్ టైరు గాళ్ళలో ఇట్టే నిండిపోతుంది, అప్పుడు అది నున్నటి టైరే. చక్రాన్ని ఒక్క క్షణం గట్టిగా తిప్పి మట్టి విదిలించాలి, వెంటనే తగ్గించేయాలి. తిప్పుతూ కూర్చుంటే ఇరుసు దాకా దిగబడుతుంది. కాంక్రీటు మీదికి రాగానే టూ వీల్‌కి మార్చేయాలి. పొడి నేల మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే గేర్లన్నీ ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి, లివరు కూడా రాదు.

ఆగస్టు మూడో వారంలో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మా కాజ్‌వే అప్పటికే మునిగింది. నాలుగు రోజులు ఫోన్లే. అమ్మకి బీపీ మాత్రలు అయిపోతే పడవలో పంపాం. హెచ్చరిక తీసేసి, కాజ్‌వే బయటపడి, పోలీసులు అడ్డం తీసిన మర్నాడు ఉదయం బయలుదేరాను. బావ ట్రాక్టరు ముందు వెళ్ళింది.

అక్కడ ఎదురైంది నేను ఊహించని సంగతి. ఒండ్రు లోతు కాదు, ట్రాక్టర్లు పెట్టిన గాళ్ళు. వాటి చక్రాల మధ్య దూరం వేరు, మన బండిది వేరు. రెండు చక్రాలూ ఆ గాళ్ళలో పడితే మధ్య గట్టు ఇరుసుకి తగులుతుంది, చక్రాలు గాల్లో తిరుగుతాయి. థార్‌కి కింద ఉన్న ఖాళీ 226 మిల్లీమీటర్లు, గాళ్ళు అంతకంటే లోతు. దిగి కర్రతో పొడుచుకుంటూ నడిచాను. ఒక గాడిని రెండు చక్రాల మధ్యకి వచ్చేలా ఉంచుకుని, ఇటు గట్టు మీదా అటు పక్క మట్టి మీదా నడిపించాలని నిర్ణయించుకున్నాను. గాలి పద్దెనిమిది, ఫోర్ లో (నాలుగు చక్రాలకీ తక్కువ వేగం, ఎక్కువ బలం), రెండో గేరు, కాలు ఒకే తీరుగా. గుండె గొంతులో ఉంది.

సగం దూరంలో కుడి వెనక చక్రం గాడిలోకి జారింది. బావ దూరం నుంచి తాడు చూపించాడు. వద్దన్నాను. సాగే తాడుని ట్రాక్టరుకి కట్టి కుదిపితే ఎంత జోరు పడుతుందో చెప్పలేం. ముందు పారతో చక్రం ముందు మట్టి తీశాను. రెండు బోర్డులూ చక్రాల కింద తోశాను. బోర్డులకి నైలాన్ తాడు కట్టి ఉంచమని ఆటోనగర్ మేస్త్రీగారు చెప్పారు. ఎందుకో అప్పుడు అర్థమైంది. బండి ఎక్కి దాటగానే బోర్డులు పూర్తిగా ఒండ్రులోకి దిగిపోయాయి. తాడు లేకపోతే ఆచూకీ కూడా దొరికేది కాదు. చేతులు మోచేతుల దాకా మట్టి, ఒళ్ళంతా చెమట. కానీ బండి కదిలింది. అవతలి గట్టు ఎక్కాక ఇంజను ఆపి కాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మూడేళ్ళ కిందటి ట్రాక్టర్ తొట్టి కళ్ళముందుకొచ్చి ఏడుపొచ్చింది.

అమ్మ వాకిట్లోనే ఉంది. టైర్లూ మట్టీ చూసి, "ఇందులో నేను కూర్చోగలనంట్రా?" అంది. మెట్టు ఎత్తుగా ఉంటుందని ఒక పీట తీసుకెళ్ళాను, అది ఎక్కించడానికి పనికొచ్చింది. ఆవిడ నడుముకి దిండు పెట్టి, ఏసీ వేసి, అదే దారిన తిరిగొచ్చాం. "కుదుపులున్నాయి గానీ నడుం పట్టెయ్యలేదురా" అంది. పి.గన్నవరం దగ్గర ఆపి నాలుగు టైర్లకీ గాలి పట్టాను. ఒక్కో దానికి నాలుగైదు నిమిషాలు. అది చెయ్యకుండా పద్దెనిమిది గాలితో రహదారి మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పక్కలు చెడిపోతాయి.

అంబాజీపేట దాటాక అరవై వేగంలో స్టీరింగ్ గజగజ వణికింది. భయపడి పక్కన ఆపాను. ఏమీ విరగలేదు. రిమ్ముల లోపలివైపు ఒండ్రు గడ్డకట్టి బ్యాలెన్సు పోయింది, అంతే. అమలాపురంలో వాటర్ వాష్‌కి ఇచ్చి లోపలివైపంతా కడిగిస్తే పోయింది. రేడియేటరు దగ్గర గట్టి ప్రెషరు పెట్టవద్దని నిలబడి చెప్పాను, రెక్కలు వంగిపోతాయి. వెనక డ్రమ్ములు మర్నాడు విప్పిస్తే షూల మధ్య గుప్పెడు మట్టి ఉంది. శుభ్రం చేసి బిగించడానికి ఎనిమిది వందలు. చెయ్యకపోతే హ్యాండ్‌బ్రేకు పట్టేసేది.

సెప్టెంబరు రెండో వారంలో రెండు ఇరుసుల ఆయిలూ తీయించి చూశాం. నీళ్ళు కలిస్తే ఆయిలు తెల్లగా మారుతుంది. రెండింట్లోనూ రంగు మారలేదు. కానీ ఎడమ వెనక చక్రం లోపలివైపు ఆయిలు చెమ్మ కనిపించింది. మెకానిక్ ఆయిలు కారకుండా ఆపే సీలు పోయిందని వెంటనే మార్చబోయాడు. ఆగమని, ముందు టెయిల్ ల్యాంపు విప్పించాను. దాని వెనక బ్రీదర్ గొట్టం మడతపడి నొక్కుకుపోయి ఉంది. లోపలి వేడి గాలికి దారి లేక ఆయిల్ని సీలు దగ్గరకి తోస్తోంది. గొట్టం సరిచేసి, వంపు దగ్గర చిన్న క్లిప్పు వేయించి, చెమ్మ తుడిచి వారం నడిపాను. మళ్ళీ రాలేదు. సీలు మార్చాల్సిన అవసరం పడలేదు. మీరు బ్రీదర్లు ఎత్తిస్తే, ల్యాంపు మూసే ముందు గొట్టంలో నోటితో గాలి ఊది చూడండి.

దసరా వెళ్ళాక బావ తన బొలెరోకి రికవరీ పాయింట్లు వేయిస్తానన్నాడు. ఆటోనగర్ మేస్త్రీగారికి ఫోన్ చేసి చెప్పాను.